ఫిర్యాదును చాడీయును

మన వీధులలో తరచుగా వినబడు మాట యొకటి కలదు: "మనకెందుకయ్యా!" కుళాయి కారుచున్నది, మనకెందుకు. వీధిదీపము నెల దినములుగా వెలుగుట లేదు, మనకెందుకు. ఎదుటి మిద్దె గోడ బీటలు వారినది. అది మరింత మనకెందుకు. ఒకరి జోలికి పోకుండుట మంచివాని లక్షణమని పెద్దలు మనకు నేర్పిరి. మనము పిల్లలకు నేర్పితిమి. అయితే ఈ మౌనము నిజముగా మంచితనమేనా, లేక మంచితనపు ముసుగు వేసికొన్న భయమా అను ప్రశ్న నన్ను చాలకాలముగా బాధించుచున్నది. పండితుడను కాను, మెట్రిక్యులేషను వరకు చదివి, ముప్పది యేండ్లకు పైగా భివండీలో నొక నూలు వర్తకుని వద్ద గుమాస్తాగిరి చేసినవాడను. ఇరుగుపొరుగువారికి అర్జీలు వ్రాసిపెట్టుట మాత్రము నాకు వాడుక. ఆ యనుభవముతోనే ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

ముందుగా మాటల సంగతి చూతము. "ఫిర్యాదు" పారసీకమునుండి వచ్చినది. ఆపదలో నున్నవాడు రక్షింపుమని వేయు కేక దాని మూలార్థము. "అర్జీ" యనగా విన్నపము. మన మరాఠీ సోదరులు ఫిర్యాదును "తక్రార్" అందురు. అదే మాట తెలుగున "తకరారు" అయి, తగవు, పేచీ అను అర్థమున స్థిరపడినది. అందువలననే కాబోలు, కచేరీకి పోయి తక్రార్ ఇచ్చి రమ్మనగానే, కయ్యమునకు కాలు దువ్వుచున్నట్లు మనవారు వెనుకకు తగ్గుదురు. ఇక చాడీ యనునది వేరు. ఒకనికి కీడు కలుగవలెనను కోరికతో, వాని వెనుక చేరి పెద్దల చెవిలో నూదు మాట చాడీ. దానిని అసహ్యించుకొనుట న్యాయమే. ఆ యసహ్యమును ఫిర్యాదుపై కూడ చూపుట న్యాయమా?

మన మౌనమునకు కారణములు లేకపోలేదు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మన తాతతండ్రులు పొట్ట చేతపట్టుకొని వచ్చిరి. కొందరు షోలాపురమున నిలిచిరి. కొందరు బొంబాయి చేరిరి. కొందరు భివండీ సాంచల మోతలో కుదురుకొనిరి. బొంబాయిలోని కామాఠిపురమునకు ఆ పేరు తెలుగు దేశమునుండి వచ్చిన కామాఠి కూలీలవలననే కలిగినది. ఊరు కట్టిన చేతులు మనవి. ఊరిని అడుగుటకు జంకిన నోళ్లును మనవే. పరాయి భాష, పరాయి రాజ్యము, నేడుండి రేపు పోవు బ్రతుకు అని వారు తలవంచుకొని పని చేసికొనిరి. వారిని నేను తప్పుపట్టను. కాని నేడు మనకిక్కడ ఇండ్లు కలవు, ఓట్లు కలవు. పద్మనగర్ అను పేరే మనవారి ఉనికికి గుర్తు. మన పిల్లలు మరాఠీ మనకంటె చక్కగా మాటలాడుదురు. పన్ను కట్టునప్పుడు ఈ యూరివారమై, అడుగవలసినప్పుడు మాత్రము పొరుగూరివారమగుట ఎట్టి ధర్మము?

నా తప్పు నొకదానిని ఇచ్చట చెప్పుకొనవలెను. 2009 వర్షాకాలమున మా గల్లీలో మురుగుకాలువపై నున్న రాతిపలక యొకటి విరిగినది. గల్లీలో ముప్పది కుటుంబములు కాపురముండెను. అందరమును దానిని చూచితిమి. పిల్లలకు జాగ్రత్త చెప్పితిమి. ప్రక్కనుండి అడుగు వేయుట నేర్చుకొంటిమి. రెండు నెలలు గడచెను. ఎందరికో అర్జీలు వ్రాసిపెట్టిన నేను ఆ పలకను గూర్చి ఒక్క పంక్తి వ్రాయలేదు. ఎవరో ఒకరు చెప్పియుందురు లెమ్మని యుంటిని. ఒకనాటి రాత్రి జోరున వాన. కాలువ, బాట ఏకమైనవి. ఊరినుండి వచ్చి పదిదినములైనను కాని పడుచువాడొకడు రాత్రిపాళి ముగించుకొని వచ్చుచు అందులో పడి కాలు విరుగగొట్టుకొనెను. పరామర్శింపబోయిన నాతో నతడు కోపము లేకుండ అన్న మాట యిది: "ఆ గుంత ఉన్నదని అందరికి తెలుసునట గద కాకా! నాకొక్కనికే తెల్వదాయె."

ఆ మాట నేటికిని నా చెవులనుండి పోలేదు. మరునాడే అర్జీ వ్రాసి ఇచ్చితిని. నాలుగవ దినమున క్రొత్త పలక వేసిరి. అంతకుముందు ఆ పలకను గూర్చి ఒక్కరును చెప్పియుండలేదని అప్పుడు తెలిసినది. అనగా ఆ బిడ్డ కాలు విరుగుటకు కారణము రాతిపలక కాదు. ముప్పది యిండ్ల మౌనము. తెలిసినవాడు తెలియనివానికి ఋణపడియుండునని నే నానాడు గ్రహించితిని. మనము తప్పుకొని నడువనేర్చిన గుంత, రేపు వచ్చువానికి ఉచ్చు.

ఫిర్యాదు ఎట్లుండవలెనో చూపు పాత సంగతి యొకటి కలదు. 1854లో లండను నగరమున బ్రాడ్ వీధి పరిసరములలో కలరా చెలరేగి, పది దినములలోనే అయిదువందలమందికి పైగా మరణించిరి. జాన్ స్నో అను వైద్యుడు ఇల్లిల్లు తిరిగి, చనిపోయినవారు ఏ నీరు త్రాగిరో విచారించి, సెప్టెంబరు 7న అచ్చటి పేట పాలకమండలి యెదుట తన లెక్కలుంచెను. వారు మరునాడే ఆ వీధి చేతిపంపు పిడిని తీయించిరి. అప్పటికే వ్యాధి తగ్గుముఖము పట్టినదని స్నో దాచక చెప్పెను. ఎవరినో నిందించుటకు గాని, కీర్తి సంపాదించుటకు గాని ఆయన పోలేదు. ఏ చోట, ఏమి, ఎంత అని చెప్పుటకు పోయెను. కోపము కచేరీ గుమ్మము దాటులోపల చల్లారును. వివరము కాగితముపై నిలుచును.

పలక విషయము సులభమైనది. రాతికి బంధువులు లేరు. తప్పు చేసినవాడు మన పొరుగువాడు, మన కులమువాడు, మన పెండ్లిపందిరిలో తిరిగినవాడైనప్పుడు ఏమి చేయవలెను? ధర్మసంకట మచ్చటనే కలదు. 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున మన భివండీ పటేల్ కాంపౌండులో జిలానీ భవనము కూలి, నిద్రలో నున్న సుమారు నలుబదిమంది ప్రాణములు కోల్పోయిరి. నాటినుండి గోడలోని బీటను ఆ యింటి యజమాని సొంత విషయమని నేను తలచుట మానితిని.

మరుసటి యేడు మాకు వరుసకు బావ అగునొకని సాంచల కార్ఖానా గోడలో బీట కనబడెను. మగ్గములు నడుచునప్పుడు ఆ బీటనుండి సున్నము రాలుచుండెను. నేను ముందుగా ఆయన యింటికే పోయితిని. "బావా, పదిహేను దినములు చూతును. నీవు బాగుచేయింపనిచో నా పేరుతోనే అర్జీ ఇత్తును, దాని నకలు ముందు నీకే చూపుదును" అంటిని. ఆయన నవ్వి ఊరకుండెను. పదునారవ దినమున నకలు ఆయన చేతికిచ్చి, అర్జీ కచేరీలో నిచ్చితిని. తనిఖీ జరిగెను, మరమ్మతు చేయవలెనని ఉత్తరువు వచ్చెను. రెండు నెలలు సాంచలు నిలిచిపోయెను. పదునొకండుగురు పనివాండ్రకు ఆ దినముల కూలి పోయెను. బావ నేటికిని నాతో మాటలాడడు.

నేను చేసినది మేలా, కీడా? కూలి పోయినవారి యెదుట ఆ రెండు నెలలు తలయెత్తి నడువలేకపోయితిని. గోడ పడియుండెడిదని రుజువు చేయలేను. పడిన గోడకే సాక్షులుందురు గాని పడని గోడకు సాక్ష్యము లేదు. ఫిర్యాదు చేయువాని కష్టమిదియే: వాని వలన కలిగిన నష్టము అందరికి కనబడును, తప్పిన ఆపద ఎవరికిని కనబడదు. అయినను మరల నట్టి గోడ కంటబడినచో మరల వ్రాయుదును. ఈసారి మాత్రము పనివాండ్ర రెండు నెలల గ్రాసమును గూర్చి ముందే నలుగురితో ఆలోచింతును. అది మరచుట నా లోపము.

దీనినిబట్టి నాకు తోచిన గుర్తులు నాలుగు. చెప్పవలసినది ముందు వాని ముఖము నెదుట చెప్పితివా? కాగితముపై నీ పేరు పెట్టితివా? నీవు కోరునది గుంత పూడుటయా, మనిషి పడుటయా? నీ అన్నయే ఆ తప్పు చేసియుండిన నిట్లే వ్రాసియుందువా? నాలుగింటికిని సమాధానము సరియైనచో అది ఫిర్యాదు. ఒక్కటి తప్పినను అందులో చాడీ వాసన కలదని యెరుగవలెను.

"చెప్పినంతమాత్రమున వినువారెవరు?" అని కొంద రందురు. పలుమార్లు వినరన్నది నిజమే. కాని తక్రార్ అను శబ్దమునకు అరబ్బీలో మరల మరల చేయుట యని అర్థము. ఒకసారి చెప్పి విసిగినవాడు సగమే చెప్పినాడు. 1852లో మద్రాసులో తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు సెట్టి స్థానిక ప్రజాసంఘమును స్థాపించి, శిస్తు వసూలులో రైతులను హింసించుచున్నారని లండను పార్లమెంటుదాక మహజరులు పంపెను. తుదకు విచారణ సంఘమేర్పడి, హింస జరుగుట నిజమేనని 1855లో తేల్చెను. పరాయి ప్రభువుల కాలముననే ఒక తెలుగువాడు అంత దూరము చెప్పగలిగెను. నేడు 1993లో అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, నీరు, పారిశుధ్యము, వీధిదీపములు మొదలగు పదునెనిమిది విషయములను పురపాలనకు తగిన పనులుగా పేర్కొన్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టముచే ముప్పది దినములలో జవాబు కోరవచ్చును. గుమాస్తాగా నా సలహా యింతియే: ఒక అర్జీలో ఒకే విషయము వ్రాయుడు, చోటు, తేదీ స్పష్టముగా నుంచుడు, రెండవ ప్రతిపై పోచ్ ముద్ర వేయించుకొని దాచుడు.

నేతపనివారి బిడ్డలమగు మనకు ఇది క్రొత్త నీతి కాదు. పడుగులో నొక పోగు తెగినచో నేతగాడు సాంచ నాపి దానిని ముడివేయును. తెగిన పోగును చూపుట గుడ్డను నిందించుట కాదు. చూచియు ఊరకుండినచో ఆ లోపము గుడ్డ పొడవునను సాగును. ఊరును అట్టి గుడ్డయే. అందులో మన పోగును కలదు. మీ గల్లీలో నేడు మీరు తప్పుకొని నడచుచున్న గుంత యేది యో యొకసారి చూచుకొని, ఈ వారములోనే దానిని గూర్చి ఒక కాగితము వ్రాయుడని నా ప్రార్థన.