రెండంగుళాల లెక్క

హైదరాబాద్‌కు పనికొచ్చిన మనవాళ్లు ఇంటికి పంపే ఫొటో చాలాసార్లు సైబర్ టవర్స్ ముందు దిగిందే. 1998లో ప్రారంభమైన ఆ గుండ్రటి భవనం వెనక కనబడితే చాలు, ఎక్కడున్నామో ఊళ్లోవాళ్లకు చెప్పనక్కర్లేదు.

మేమూ ఒక ఆదివారం 12 మందిమి అక్కడ వరుసగా నిలబడి కెమెరాతో ఫొటో దిగాం. ఫ్రేము కట్టించబోతే మా దగ్గరున్న డబ్బుకు 10 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తుదే వచ్చింది. "రెండు పక్కలా కొంచెం పోతుంది, ఏం కాదు" అన్నాడు కట్టేవాడు.

ఎంత పోతుంది? పాత ఫిల్ము గడి 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. అంటే 3కు 2. చాలా డిజిటల్ కెమెరాలు ఇప్పటికీ ఆ కొలతనే పాటిస్తాయి. 8 అంగుళాల ఎత్తున అచ్చువేస్తే వెడల్పు 12 రావాలి. ఫ్రేము 10 దగ్గరే ఆగింది. అటో అంగుళం, ఇటో అంగుళం. మనిషికో అంగుళం చొప్పున నిలబడ్డాం కనుక, పోయేది అటొకరు, ఇటొకరు.

ఆ చివర్లలో ఎవరున్నారు? ఒకవైపు అందరికీ వండిపెట్టి ఆఖరున వచ్చిన వదిన. మరోవైపు పనిలో కొత్తగా చేరిన కుర్రాడు. నడుమ మేస్త్రీ, ఆయన పక్కన నాలుగక్షరాలు వచ్చిన మేము. చోట్లు మేమే అలా పంచుకున్నాం. కత్తెర ఆ పంపకాన్ని ఖాయం చేస్తుంది, అంతే.

అంచు లేని ఫొటో ఉండదు. ఏదో ఒకటి బయట మిగలాల్సిందే. అందులో తప్పు లేదు. పోయేవాళ్లను అడగకుండా, ఉండేవాళ్లు "ఏం కాదు" అనుకోవడంలో ఉంది తప్పు. ఆ దగ్గర్లోని శిల్పారామంలో పల్లె మనుషుల నిలువెత్తు బొమ్మలున్నాయి. వాటిని తల నుంచి కాలిదాకా ఫొటో తీసుకునేవాళ్లే, దారి ఊడ్చే ఆమెను పక్కకు జరగమంటారు. బొమ్మకు దొరికిన చోటు మనిషికి దొరకదు. మన తండా గురించి, గూడెం గురించి రాసేటప్పుడు మనమూ నడుమ ఉన్నవాళ్లనే రాసి ఊరుకోవడం లేదా?

ఇంకో లెక్క కూడా ఉంది. 12ను 10కి కుదిస్తే ఎత్తు 8 నుంచి 6 అంగుళాల 2/3కు దిగుతుంది. పైనా కిందా 2/3 అంగుళం తెల్ల పట్టీ మిగులుతుంది. చూడ్డానికి బాగుండదన్నారు. అలాగే కట్టమన్నాం.

ఇప్పుడు ఆ ఫొటోలో భవనమూ, మేస్త్రీ, మేమూ అందరం ఆరో వంతు చిన్నగా ఉన్నాం. ఎవరూ పోలేదు. చోటు చాలనప్పుడు చివరివాళ్లను కోయాలా, అందరం కొంచెం తగ్గాలా అన్నది ఫ్రేము దుకాణంలో తేలేది కాదు. వరుసలో నిలబడేటప్పుడే మనం తేల్చుకోవాల్సింది.