మాండవ్యుడు పెట్టిన హద్దు

ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెబుతాను. వంతు వచ్చిన రాత్రులు డార్మిటరీ కూడా చూసుకుంటాను. పాడేరు వైపు చలికాలంలో పిల్లలు ముఖం కనబడకుండా రగ్గు కప్పుకుని పడుకుంటారు. టార్చిలైటుకు చెయ్యి అడ్డం పెట్టి, రగ్గు కాస్త తొలగించి, నుదుటి మీద వేళ్ల వెనకభాగం ఆనించి చూడడమే మా పరీక్ష. జ్వరం వచ్చినా చెప్పని పిల్లలుంటారు. సూది వేస్తారనో, ఇంటికి పంపేస్తారనో, మేడంగారి నిద్ర చెడగొట్టడం ఎందుకనో ఊరుకుంటారు. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతూ ఉంటుంది. మలేరియా ఉన్న ప్రాంతంలో ఆ కొద్ది గంటలు చిన్న విషయం కాదు. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న పిల్లకైతే చలి తగిలినా, జ్వరం వచ్చినా, నీళ్లు తక్కువ తాగినా ఎముకల్లో నొప్పి మొదలవుతుంది.

అందుకే నాడిని, ఒంటి వేడిని కనిపెట్టి కబురు చేసే పట్టీ ఉందంటే నేను వద్దనను. అయితే ఇలాంటి పరికరాలూ పొరబడవచ్చు. చర్మంలోకి వెలుగు పంపి ఆక్సిజన్ లెక్కగట్టే పరికరాలు, నల్లని చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చని 2020లో అమెరికా వైద్యులు ఆసుపత్రుల రికార్డులు చూసి చెప్పారు. కాబట్టి పట్టీ ఉన్నా నుదుటి మీద చెయ్యి పెట్టడం మానకూడదు. అయినా పట్టీ మేలే చేస్తుంది.

నా అభ్యంతరం ఆ తర్వాతి మాట మీద. ఈ వివరాలన్నీ బ్లాక్‌చెయిన్ అనే డిజిటల్ ఖాతాపుస్తకంలో పెడతాం, ఎవరూ మార్చలేరు, ఎన్నటికీ చెరగవు అంటారు పట్టీ అమ్మే కంపెనీవాళ్లు. అది వినగానే నాకు మాండవ్యుడు గుర్తొస్తాడు.

మహాభారతం ఆదిపర్వంలో ఉంది ఆయన కథ. దొంగలు దోచిన సొమ్ము ఆయన ఆశ్రమంలో దాచారు. మౌనవ్రతంలో ఉన్న మునిని కూడా దొంగే అనుకుని రాజభటులు కొరత వేశారు. ఆయన చావలేదు. తర్వాత పాపపుణ్యాల లెక్క చూసే ధర్ముడి దగ్గరికి వెళ్లి, ఇంత శిక్షకు నేను చేసిన పాపమేమిటని నిలదీశాడు. చిన్నప్పుడు పురుగుల తోకల్లో గడ్డిపుల్ల గుచ్చావు, దాని ఫలం ఇది అన్నాడు ధర్ముడు. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని మాండవ్యుడు మండిపడ్డాడు. పద్నాలుగేళ్లు నిండేవరకూ ఏం చేసినా పాపం అంటదని హద్దు పెట్టాడు. దైవం రాసుకునే లెక్కకే హద్దు గీసిన సంప్రదాయం మనది. కంపెనీ రాసుకునే లెక్కకు హద్దు ఉండొద్దా?

అది పాపం సంగతి, ఇది ఆరోగ్యం సంగతి అని మీరు అనవచ్చు. మన ఇళ్లలో ఆడపిల్ల జబ్బు పాపంలాగే లెక్కకొస్తుంది. సికిల్ సెల్ లక్షణాన్ని మోస్తున్న పిల్ల సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటుంది. సంబంధం మాట్లాడేచోట లక్షణానికీ జబ్బుకీ తేడా వినే ఓపిక ఎవరికుంది? ఆ సంగతి ఆమెకు తెలియాలి, తప్పదు. ఎవరికి ఎప్పుడు చెప్పాలో మాత్రం ఆమె ఇష్టం. పైగా నాడి జ్వరాన్నే కాదు, భయాన్నీ బయటపెడుతుంది. లెక్కల పీరియడ్‌లో ఎవరి గుండె దడదడలాడిందో, ఎవరు రాత్రంతా నిద్రపోలేదో కూడా తెలిసిపోతుంది. 2019లో చైనాలోని జిన్‌హువాలో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లల తలలకు పట్టీలు పెట్టి, పాఠం ఎంత శ్రద్ధగా వింటున్నారో కొలిచింది. జనం గోల చేశాక అధికారులు ఆపించారు.

బ్లాక్‌చెయిన్‌లో ప్రతి పుట మీదా ముందరి పుట ముద్ర ఉంటుంది. పాత పుటలో ఒక్క అక్షరం మార్చినా ఆ తర్వాతి ముద్రలన్నీ తప్పుతాయి. అంత గట్టి పుస్తకం లోకానికి అవసరమే. అందులో ఎవరి పేరు రాయాలన్నదే నా ప్రశ్న.

మాండవ్యుడి కథలో మనం త్వరగా దాటిపోయే ముక్క ఒకటుంది. ఆయన శాపం తగిలింది లెక్క రాసినవాడికి. ధర్ముడంతటివాడు దాసి కడుపున విదురుడై పుట్టి ఫలం అనుభవించాడు. చూసేవాడికి, తీర్పు చెప్పేవాడికి కూడా జవాబుదారీ ఉందన్నమాట. కాబట్టి చెరగని ఖాతా మా పెద్దవాళ్ల మీద తెరవండి. రాత్రి రెండు గంటలకు పట్టీ హెచ్చరిస్తే వార్డెన్ ఎప్పుడు చూసింది, మంచం దగ్గరికి ఎప్పుడు వెళ్లింది, వాహనం ఎప్పుడు బయల్దేరింది? పిల్ల వివరాలు ఎవరు తెరిచారు, ఎందుకు తెరిచారు? ఇవి రాయండి, ఎన్నటికీ చెరపకండి. నా పేరుతోనే మొదలుపెట్టండి. పిల్లల నాడి, జ్వరం, నిద్ర మాత్రం విడిగా, చెరపడానికి వీలున్న చోట ఉంచండి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. బడులకు కొన్ని మినహాయింపులున్నాయి. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కు, వివరాలు చెరిపేయమని అడిగే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. అందుకే తల్లిదండ్రుల కమిటీల్లో కూర్చునేవారికి నా విన్నపం: అనుమతి పత్రం మీద వేలిముద్ర వేసే ముందు, మా బిడ్డ బడి వదిలిన రోజున ఇవన్నీ చెరిపేస్తారా, చెరిపినట్టు కాగితం రాసిస్తారా అని అడగండి. కుదరదంటే వేలిముద్ర వేయకండి.