పునర్వివాహం – మృతుల సమ్మతి: ఒక నైతిక విచారణ

భార్య గాని, భర్త గాని మరణించిన తరువాత రెండవవారి పునర్వివాహంపై ఆ మృతులకు అధికారం ఉంటుందా? ఈ ప్రశ్నను కొన్ని హాస్య ప్రణయకథలు ప్రేతాన్నే పాత్రగా చేసి అడుగుతాయి. నోయెల్ కవర్డ్ 1941 నాటి నాటకం 'బ్లైత్ స్పిరిట్' ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. 1945లో డేవిడ్ లీన్ దానిని చలనచిత్రంగా తీశాడు. రెండవ భార్యతో కాపురం చేస్తున్న రచయిత ఇంటికి మొదటి భార్య ఆత్మ తిరిగి వస్తుంది. పురుషుడు మళ్లీ పెళ్లాడటం సమాజానికి సమస్య కాదు గనుక ఆమె ఈర్ష్య నవ్వు పుట్టిస్తుంది. వచ్చినది భర్త ప్రేతమై, పెళ్లాడినది వితంతువైతే ఆ నవ్వు అంత సులభం కాదు.

కరీంనగర్ ప్రాంతంలో మృతుని ఇచ్ఛను తెలిపేది కాకి. సిరిసిల్ల పరిసర గ్రామజీవితం నేపథ్యంగా వేణు యెల్దండి 2023లో తీసిన 'బలగం' పునర్వివాహ కథ కాదు. అయినా మృతుని ఇచ్ఛ ఎలా పనిచేస్తుందో అది స్పష్టంగా చూపుతుంది. కొమురయ్య పిండాన్ని కాకి ముట్టదు. తీరని కోరిక ఏమిటో కాకి చెప్పదు, బతికినవారే ఊహించాలి. విడిపోయిన కుటుంబం కలిసిన తరువాతనే కాకి ముడుతుంది. అక్కడ ఆ ఊహ మనుషులను కలిపింది. వితంతువు మనువు మాట వచ్చినప్పుడు అదే కాకి ముట్టకపోతే ఆ మౌనానికి అర్థం చెప్పేదెవరు? ఆమె ఆస్తిలోనో, శ్రమలోనో ప్రయోజనం ఉన్నవారు చెప్పే ప్రమాదం ఉంది. అప్పుడు మృతుని పేర మాట్లాడేది బతికినవారి స్వార్థమే.

చట్టమూ ఇందుకు అతీతం కాదు. బ్రిటిష్ ఇండియాలో 1856 నాటి హిందూ వితంతు పునర్వివాహ చట్టం పెళ్లిని అనుమతించింది. కాని దాని రెండవ సెక్షను మొదటి భర్త ఆస్తిపై ఆమెకున్న హక్కును, ఆమె అప్పుడే మరణించినట్లుగా, ముగించింది. పెళ్లి విషయంలో బతికించిన చట్టమే ఆస్తి విషయంలో ఆమెను మృతురాలిని చేసింది. తెలంగాణలో అనేక శ్రామిక కులాలకు మారుమనువు ఆచారం ఉండేది. ఆదిలాబాద్ రాజగోండులలో వితంతువు మళ్లీ మనువాడటం ఆచారసమ్మతం. భర్త తమ్ముణ్ని చేసుకోవడమూ ఉంది. అయితే ఆచారం అంగీకరించినంత మాత్రాన స్త్రీకి స్వేచ్ఛ సిద్ధించదు. మరిదితో మనువు ఆమెకు ఆశ్రయమూ కావచ్చు, అదే ఇంటికి కట్టివేసే ముడీ కావచ్చు.

మృతుల కోరికలకు విలువే లేదా అన్న ఆక్షేపణ సహజం. వీలునామాను గౌరవిస్తాం, ఇచ్చిన మాటను నిలుపుతాం. కాని వీలునామా మృతుని సొత్తుకు సంబంధించినది. భార్య జీవితం ఆ సొత్తులో భాగం కాదు. మృతులకు బతికినవారు పడిన ఋణం స్మరణ, సమ్మతి కాదు. పిండం పెట్టిన చేయి తాళి కట్టించుకున్నా ఆ స్మరణకు లోపం రాదు.