దుఃఖంలో ఒక ఏడాది సీనియర్

చావు జరిగిన ఇంట్లో అందరికీ ఏదో ఒక పని ఉంటుంది. ఐస్ పెట్టె తెప్పించేవాళ్ళు, షామియానా వేయించేవాళ్ళు, ఊళ్ళకు ఫోన్లు చేసేవాళ్ళు, పాడె కట్టేవాళ్ళు, వచ్చినవాళ్ళకు టీలు అందించేవాళ్ళు. ఏడవటం కూడా ఒక పనే, దానికీ వరసలూ వేళలూ ఉన్నాయి. ఏ పనీ లేనిది పిల్లలకే. పసివాళ్ళయితే పక్కింటికి పంపేస్తారు. పదిహేను, పదహారేళ్ళ వాళ్ళయితే గోడకు ఆనుకుని నిలబడతారు. వచ్చిన ప్రతివాళ్ళూ తల నిమిరి ఒక మాట అని వెళ్తారు. మగపిల్లాడయితే "ఇక ఇంటికి దిక్కు నువ్వేరా" అంటారు. ఆడపిల్లయితే "నువ్వు ఏడిస్తే అమ్మ ఇంకా బెంగపడుద్ది, ధైర్యంగా ఉండమ్మా" అంటారు. రెండూ ఒకటే. నీ దుఃఖం తర్వాత, ముందు ఇంకొకరిది చూడమని.

నాకు రెండో మాట దక్కింది. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా నాన్న పోయాడు. తలకొరివి తమ్ముడు పెట్టాడు, వాడప్పుడు ఎనిమిదో తరగతి. అంత చిన్నవాడి చేత అంత పని చేయించారని పెద్దయ్యాక కోపం వచ్చింది గానీ, ఆ రోజు మాత్రం వాడంటే అసూయ పుట్టింది. వాడి చేతిలో కుండ ఉంది. నా చేతిలో ఏమీ లేదు. పెద్దకర్మ కాగానే, సిలబస్ వెనకబడిపోతుందని, నన్ను తెచ్చి మళ్ళీ హాస్టల్లో దింపారు.

రెసిడెన్షియల్ కాలేజీ అంటే ఏమిటో తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. తెల్లవారకముందే స్టడీ అవర్, వారం వారం టెస్టు, గోడ మీద ర్యాంకులు. మా వరండా చివరి గదిలో సెకండియర్ అక్క ఒకామె ఉండేది. వాళ్ళమ్మ అంతకు ముందు ఏడాదే పోయింది. నేను తిరిగొచ్చానని తెలిసి వచ్చి నా మంచం మీద కూర్చుంది. ఓదార్చలేదు. ల్యాబ్ రికార్డు ఎలా రాయాలో చెప్పినంత మామూలుగా కొన్ని సంగతులు చెప్పింది.

"ఫారాల్లో నాన్న పేరు ముందు లేట్ అని రాయి. రాయకపోతే సంతకానికి ఆయన్నే తీసుకురమ్మంటారు. మొదటిసారి చెయ్యి ఆడదు, తర్వాత అలవాటవుద్ది."

"నెల దాకా అందరూ అడుగుతారు. ఆ తర్వాత ఎవరూ అడగరు. అసలు కష్టం అప్పుడు మొదలవుద్ది. అప్పుడు రా నా దగ్గరికి."

"నవ్వొస్తే నవ్వు. చూసినోళ్ళు ఏదో ఒకటి అనుకుంటారు, అనుకోనీ."

"ఆయన గొంతు మర్చిపోతావేమోనని భయమేస్తది. కొంచెం మర్చిపోతావు కూడా."

ఈ చివరి మాట ఇంకెవరు అన్నా జన్మలో క్షమించేదాన్ని కాదు. ఆమె అంటే మాత్రం ఎంతో కాలంగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది. అప్పటికే నాన్న గొంతు జారిపోతోందని నాకు తెలుసు. ఆ నేరం నా ఒక్కదానిదే అనుకుంటున్నాను.

ఇప్పుడు ఆ మాటల్ని తిరగేసి చూస్తే వాటిలో తత్వం ఒక్క ముక్క లేదు. ఆయన ఎక్కడున్నా నిన్ను చూస్తూనే ఉంటాడనలేదు, కాలమే అన్నీ మాన్పుతుందనలేదు. ఆమె చెప్పిందంతా సమాచారం. వచ్చే వారం ఏం జరుగుతుంది, వచ్చే నెల ఏం జరుగుతుంది. మా పెద్దమ్మ కూడా చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుంది. ఆమె నన్ను దగ్గరికి తీసుకుని "అంతా సర్దుకుంటుందే" అంది. అబద్ధమేమీ కాదు, నిజంగానే సర్దుకుంది. అయితే అది యాభై ఏళ్ళ అవతల నుంచి కనిపించే నిజం. నాకు అవతలి ఒడ్డు గురించి కాదు, రేపు పొద్దున స్టడీ అవర్ గురించి ఎవరైనా చెప్పాలి. దుఃఖానికి గురువు పనికిరాడని నాకు అప్పటినుంచీ ఒక అభిప్రాయం. ఒక ఏడాది సీనియర్ కావాలి.

ఇంకో సంగతి. ఆమె నాకు స్నేహితురాలు కాదు. అప్పుడూ కాదు, ఆ తర్వాతా కాలేదు. ఆమె ధోరణి నాకు పడేది కాదు, నా పుస్తకాల పిచ్చి ఆమెకు పడేది కాదు. మేం కలిసింది ఆ ఒక్కచోటే. ఇది చిన్న విషయం కాదు. స్నేహాన్ని ఎవరూ ఏర్పాటు చెయ్యలేరు. ఇలాంటి పరిచయాన్ని మాత్రం చెయ్యొచ్చు.

మన దగ్గర ఓదార్పుకు ఎప్పుడూ కొదవలేదు. భారతంలో అభిమన్యుడు పోయినప్పుడు వ్యాసుడు ధర్మరాజుకు పదహారుగురు రాజుల కథ చెబుతాడు. కొడుకు పోయిన సృంజయుడికి ఒకప్పుడు నారదుడు చెప్పిన జాబితా అది. శిబి, రంతిదేవుడు, భరతుడు, ఇంతింతవాళ్ళే పోయారు, నీ కొడుకెంత అని దాని సారం. యుద్ధం ముగిశాక శాంతిపర్వంలో ఇంచుమించు అదే జాబితా కృష్ణుడు మళ్ళీ వినిపిస్తాడు. తమ్ముళ్ళు చెబుతారు, ద్రౌపది చెబుతుంది, మునులు చెబుతారు, అంపశయ్య మీది నుంచి భీష్ముడు రెండు పర్వాలు చెబుతాడు. అన్నీ విని, భీష్ముడికి తిలోదకాలిచ్చి, గంగ ఒడ్డుకు వచ్చి ధర్మరాజు మళ్ళీ కూలబడిపోతాడు. అశ్వమేధపర్వం అలా మొదలవుతుంది. లోకంలో అంతమంది ధైర్యం చెప్పించుకున్న మనిషి ఇంకొకడు లేడు, ఆయనకే అది అంటలేదు.

అక్కడ లేవమని చెప్పేది ధృతరాష్ట్రుడు. ఏడవాల్సింది నువ్వు కాదు, నూరుగురిని పోగొట్టుకున్న నేనూ గాంధారీ అంటాడు. అక్కడ ఆగి ఆలోచిస్తాను ఎప్పుడూ. ఇదొక్కటీ తోటివాడి మాట అనిపిస్తుంది. అంతలోనే అందులో ఒక పోటీ వినిపిస్తుంది, నా నష్టం నీ నష్టం కన్నా పెద్దదని. దుఃఖంలో ఉన్నవాళ్ళందరినీ ఒకచోట చేర్చితే చాలు, ఒకరినొకరు ఊరడించుకుంటారనుకోవటం అమాయకత్వం. లెక్కలు తీస్తారు. "నీకు అమ్మయినా ఉంది" అనే మాట హాస్టల్లో నేనూ విన్నాను.

కిసాగోతమి కథ దీనికి దగ్గరగా వస్తుంది. చచ్చిపోయిన బిడ్డను బతికించమని వచ్చిన తల్లిని బుద్ధుడు, చావు ఎరగని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మంటాడు. పుట్టినవాడు గిట్టక తప్పదని దాని నీతిగా చెబుతారు. అంతేనా? అదే నీతి అయితే ఆ మాట ఆయన కూర్చున్న చోటే చెప్పి పంపించవచ్చు. చెప్పలేదు. గడప గడపకూ పంపాడు. ప్రతి గడపలో ఆవాలు ఉన్నాయి, ఒక చావూ ఉంది. మాకు ఫలానా వాళ్ళు పోయారని ప్రతి ఇల్లూ తనంతట తాను చెప్పుకుంది. పదహారుగురు రాజుల జాబితా ఒకడు చదివితే ఇంకొకడు విన్నాడు. ఆవాల జాబితా ఆమె కాళ్ళతో తయారు చేసుకుంది. అందరూ పోతారన్న నిజం రెండింటిలోనూ ఒకటే. ఒకటి విన్నవాడు మళ్ళీ కూలబడ్డాడు, ఒకటి నడిచినామె బిడ్డను మట్టికి ఇవ్వగలిగింది.

దుఃఖంలో ఉన్నవాళ్ళను ఒకరి దగ్గరికి ఒకరిని చేర్చే పని జపానులో ఇంచుమించు ఇదే పద్ధతిలో జరిగింది. తమాయ్ యోషియోమి అనే ఆయన తల్లి కారు గుద్దటం వల్ల పోయింది. 1969లో ఆయనా, తోడుగా మరికొందరూ కలిసి, రోడ్డు ప్రమాదాల్లో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలకు చదువు సాయం చేసే సంస్థ పెట్టారు. తర్వాత జబ్బులతో, విపత్తులతో, ఆత్మహత్యలతో అనాథలైన పిల్లల కోసం అషినగ సంస్థ వచ్చింది. మొదలైంది డబ్బుతోనే, అందులో తప్పేం లేదు. ఫీజు కట్టలేని పిల్లకు కూర్చుని ఏడ్చే తీరిక ఉండదు. ఆ ఉపకారవేతనాలు తీసుకునే పిల్లలకు వేసవి శిబిరాలు పెట్టేవాళ్ళు. అక్కడ కాలేజీ విద్యార్థులు హైస్కూలు పిల్లల్ని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ముందు తమ కథ తాము చెప్పేవాళ్ళు. చిన్నవాళ్ళు చెబితే చెబుతారు, లేకపోతే లేదు. ముందుగా నోరు విప్పాల్సిన బాధ్యత పెద్దవాడిది. మా వరండా అక్క చేసింది ఇదే, కాకపోతే ఆమెకు శిబిరం లేదు.

1995 జనవరి 17న కోబేలో భూకంపం వచ్చింది. 6,400 మందికి పైగా పోయారు. అషినగ వాళ్ళు పేపర్లో వచ్చిన మృతుల జాబితాలు పట్టుకుని శిథిలాల్లో ఇల్లిల్లూ తిరిగారు, తల్లినో తండ్రినో కోల్పోయిన పిల్లలు ఎక్కడున్నారో వెతుకుతూ. తిరిగినవాళ్ళలో తామూ తండ్రి లేకుండా పెరిగిన విద్యార్థులున్నారు. అలా 573 మంది పిల్లలు లెక్కతేలారు. ఆ వేసవిలో జరిపిన శిబిరంలో ఒక పిల్లవాడు ఇంద్రధనుస్సు బొమ్మ గీసి నల్లరంగు వేశాడు. ఆ బొమ్మ చూశాకే పిల్లలకు ఏడాదికో శిబిరం సరిపోదని పెద్దలకు అర్థమైంది. 1999లో కోబేలో 'రెయిన్‌బో హౌస్' తెరిచారు. 2011 సునామీ తర్వాత సెందాయ్, ఇషినోమాకి, రికుజెన్‌తకతాల్లోనూ కట్టారు.

కోబే వాళ్ళు నేర్చుకున్నది అమెరికాలో పోర్ట్‌లాండ్‌లోని డగీ సెంటర్ దగ్గర. మెదడులో కణితి ఉన్న డగీ అనే పిల్లవాడు, ఆస్పత్రిలో మిగతా జబ్బు పిల్లలతో కలిసి చావు గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవటం బెవర్లీ చాపెల్ అనే నర్సు చూసింది. పెద్దవాళ్ళ దగ్గర నోరు మెదపని పిల్లలు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. అతను 1981లో పోయాడు. మరుసటి ఏడాది ఆమె తన ఇంట్లోనే నలుగురు మగపిల్లలతో మొదటి గుంపు కూర్చోబెట్టింది. ఇప్పటికీ అక్కడి పద్ధతి సాదాసీదాగానే ఉంటుంది. వయసును బట్టి గుంపులు, పోయింది అమ్మా నాన్నా తోబుట్టువా అన్నదాన్ని బట్టి గుంపులు, ఆత్మహత్య వల్ల పోయినవాళ్ళ పిల్లలకు వేరే గుంపు. ఒక కర్ర చేతులు మారుతుంది, కర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు మాట్లాడాలి. మాట్లాడాలనిపించకపోతే పక్కవాళ్ళకు ఇచ్చెయ్యొచ్చు, ఎందుకని ఎవరూ అడగరు. అక్కడ ఒక గది ఉంటుంది, దాని పేరు తర్జుమా చేస్తే అగ్నిపర్వతం గది. గోడలకు పరుపులు, గుద్దటానికి సంచి. పోయినవాళ్ళ మీద కోపం ఉంటుందని, అది పాపం కాదని ఆ గది ఒప్పుకుంటుంది. మన ఇళ్ళలో పోయినవాళ్ళు ఫొటోలోకి ఎక్కిన క్షణం నుంచి దేవుళ్ళు. దేవుడి మీద ఎలా కోప్పడతాం? అప్పులు చేసి చెప్పకుండా పోయిన తండ్రి మీద, మందు మానమంటే మానని తండ్రి మీద కోపం ఆ దండ వెనకే ఉండిపోతుంది.

అక్కడి గుంపుల్లో శిక్షణ పొందిన పెద్దవాళ్ళూ కూర్చుంటారు. సలహాలివ్వరు, కాపు కాస్తారు. అది కావాలి. చచ్చిపోవాలనుందని జూనియర్ అంటే ఆ బరువు పదిహేడేళ్ళ సీనియర్ మొయ్యాల్సింది కాదు. వెంటనే పెద్దవాళ్ళకు చెప్పాలి, రహస్యం దాచకూడని చోటు అదొక్కటి. 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ అనే హెల్ప్‌లైన్ ఉంది, 14416కి చేస్తే తెలుగులో మాట్లాడతారు.

మన ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని కాదు. 2021లో కొవిడ్‌తో అమ్మానాన్నలిద్దరినీ పోగొట్టుకున్న పిల్లల పేరిట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 10 లక్షల రూపాయల డిపాజిట్ ప్రకటించింది. పీఎం కేర్స్ కింద కేంద్రం 23 ఏళ్ళు వచ్చేసరికి 10 లక్షలు అందేలా చేస్తానంది. కావలసిందే. కానీ పక్క మండలంలో అచ్చం నీలాంటి పిల్లే ఇంకొకతి ఉందని చెప్పే పని ఏ డిపాజిట్టూ చెయ్యదు.

ఇక హాస్టల్లో తోటి పిల్ల పోతే? మన కాలేజీలు చేసేది ఒక్కటే. ఆ పరుపు చుట్టి ఆఫీసు గదిలో పెట్టి, సెలవు ఇచ్చి అందర్నీ ఇళ్ళకు పంపేస్తారు. ఆ పిల్ల ఎలా నవ్వేదో తెలిసినవాళ్ళు లోకంలో ఆ గదిలోవాళ్ళే. వాళ్ళను జిల్లాకొకరిగా విడదీసి, బిక్కచచ్చిన తల్లిదండ్రుల మధ్య కూర్చోబెడతారు. తిరిగొచ్చేసరికి ఆ మంచం మీద ఇంకెవరో ఉంటారు, వీక్లీ టెస్టు సిద్ధంగా ఉంటుంది. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని ఆదేశించింది. మంచి మాట. అయితే కౌన్సెలర్ గదికి ఒక తలుపు ఉంటుంది, ఆ తలుపు తట్టే పిల్లను వరండాలో పదిమంది చూస్తారు. తట్టటానికి తోడు వచ్చే సీనియర్ లేకపోతే కౌన్సెలర్ అని రాసిన బోర్డు గోడకు అందంగానే ఉంటుంది.

చెయ్యదలిస్తే పెద్ద ఖర్చేమీ లేదు. ఆదివారం మధ్యాహ్నం క్యారేజీలు పట్టుకుని తల్లిదండ్రులు వస్తారు, చెట్ల కింద తువ్వాళ్ళు పరుచుకుని తినిపిస్తారు. అమ్మో నాన్నో లేని పిల్లలకు వారం మొత్తంలో మొయ్యలేని గంట అది. రిజిస్టర్‌లో లేట్ అని రాసిన పేర్లు వార్డెన్‌కు తెలుసు. పైసంవత్సరం వాళ్ళలో ఒప్పుకున్నవాళ్ళను ఇద్దర్ని, కాపు కాయటం తెలిసిన మేడమ్ ఒకరిని పిలిచి, ఆ గంటకు ఒక గది తాళం ఇస్తే చాలు. రమ్మని బలవంతం వద్దు. వచ్చి మాట్లాడకుండా క్యారమ్స్ ఆడుకుని పోయినా లెక్కే. సిలబస్‌లో ఆ గంట ఎలాగూ లేదు కాబట్టి పోయేదీ లేదు.

పేరు మాత్రం పెట్టొద్దు. పేరు పెడితే బ్యానరు వస్తుంది, బ్యానరు వస్తే ముఖ్య అతిథి వస్తాడు, వచ్చినవాడు మైకు పుచ్చుకుని పిల్లలకు ధైర్యం చెబుతాడు.