నిలబడే చోటును బట్టి లెన్సు

కెమెరాకు ఏ లెన్సులు చాలన్నది రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఫొటో తీసే మనిషి ఎక్కడ నిలబడగలడు, ఎదుటివారికీ అతనికీ మధ్య ఎంత దూరం మిగులుతుంది అన్నవే ఆ రెండు. కంపెనీలు తమ లెన్సుల పట్టికను మిల్లీమీటర్ల వరసలో అచ్చు వేస్తాయి. 14 నుంచి 600 దాకా ఉన్న ఆ వరస చూసినవాడికి మధ్యలో ఏ అంకె తన దగ్గర లేకపోయినా అదొక లోటుగా తోస్తుంది. ఒక ఊరినీ దాని చుట్టుపక్కల పాతిక కిలోమీటర్లనూ ఏళ్ల తరబడి తీయదలచినవాడు ఆ పట్టికను పక్కన పెట్టి, ముందు తన ఊరి దూరాలను లెక్క వేసుకోవాలి.

కోనసీమ జిల్లా రామచంద్రపురాన్నే తీసుకుందాం. నేల బల్లపరుపు. ఎక్కి చూడడానికి కొండా లేదు, గుట్టా లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీరు పారిన కాలువలు, వాటి గట్లు, చేల మధ్య బోదెలు ఇక్కడ మనిషి నడిచే దారులను నిర్ణయించాయి. కెమెరా పట్టినవాడు గట్టు మీద ఆగాలి, లేదంటే చేలోకి దిగాలి. కాలువకు అవతల ఉన్నదాని దగ్గరికి వెళ్లాలంటే వంతెన దాకా నడవాలి. ఊళ్లోకి వస్తే లెక్క మారిపోతుంది. పెంకుటింటి అరుగు, కూరగాయల బజారు, పెళ్లి పందిరి, ఎక్కడైనా మూడు నాలుగు మీటర్లకు మించి వెనక్కి జరగడానికి చోటుండదు. ఆరేడు కిలోమీటర్ల దూరంలోని ద్రాక్షారామంలో ఎత్తూ ఇరుకూ ఒకేచోట ఎదురవుతాయి. కోటిపల్లి రేవులో నిలబడితే గౌతమి అవతల ముక్తేశ్వరం వైపు గట్టు సన్నని గీతలా కనిపిస్తుంది. ఈ ప్రాంతపు ఫొటోల్లో చాలా భాగం ఈ నాలుగు రకాల దూరాల్లోనే ఇమిడిపోతుంది.

దూరానికీ లెన్సుకూ ఉన్న సంబంధం చిన్న లెక్క. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మి.మీ. ఎదుటి వస్తువు దూరాన్ని 36తో గుణించి లెన్సు నాభ్యంతరంతో, అంటే వాడుకలోని ఫోకల్ లెంగ్త్‌తో, భాగిస్తే ఫ్రేములో పట్టే వెడల్పు తెలుస్తుంది. నాలుగు మీటర్ల దూరం నుంచి 35 మి.మీ. లెన్సులో నాలుగు మీటర్ల పైచిలుకు వెడల్పు పడుతుంది. పీటల మీద వధూవరులు, ఇరుపక్కలా తల్లిదండ్రులు, పురోహితుడు అందరూ వస్తారు. అదే చోటు నుంచి 85 మి.మీ. లెన్సులో పట్టేది 1.7 మీటర్లు, వధూవరులిద్దరే. 100 మీటర్ల అవతల ఉన్నదాన్ని 200 మి.మీ. లెన్సుతో తీస్తే 18 మీటర్ల మేర వస్తుంది. ఒక ఆదివారం పూట టేపు పట్టుకుని తానెక్కువగా తీసే చోట్లను కొలుచుకున్నవాడికి, దుకాణంవాడు చెప్పే మాటల్లో ఏది తనకు పనికొస్తుందో వెంటనే తెలిసిపోతుంది.

లెన్సు మారిస్తే దృశ్యంలోని వస్తువుల పొందిక మారుతుందని చాలామంది నమ్మకం. నిలబడిన చోటు మారకపోతే పొందికా మారదు. గట్టు మీద ఒకే చోటి నుంచి కొబ్బరిచెట్ల వరసను 35తోనూ 85తోనూ తీసి, మొదటి ఫొటోలో మధ్యభాగాన్ని కత్తిరించి చూస్తే రెండింటిలోనూ చెట్ల మధ్య దూరాలు ఒక్కలాగే ఉంటాయి. మారేదల్లా ఎంత మేర ఫ్రేములోకి వస్తుందన్నదే. భక్తురాలి వెనుక గోపురం పెద్దదిగా కనబడాలంటే ఆమె నుంచి వెనక్కి వెళ్లి పొడవాటి లెన్సు పెట్టాలి. ఆమెదే పైచేయిగా, గోపురం దూరంగా ఉండాలంటే ముందుకు వెళ్లి వెడల్పు లెన్సు పెట్టాలి. ముందుగా తేలాల్సింది నిలబడే చోటు, లెన్సు ఆ తరవాతి మాట. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పేరు పొందిన రాజా దీన్‌దయాళ్ కాలంలో ఈ క్రమం తప్పనిసరిగా ఉండేది. బరువైన కెమెరా, స్టాండు, గాజు పలకలు మోయించుకుని వెళ్లేవాళ్లు, ఎక్కడ నిలబెట్టాలో కాళ్లతో తిరిగి తేల్చుకున్నాకే మూత తీసేవాళ్లు. ఆన్రి కార్టియర్ బ్రెస్సన్ 1947, 48లలో భారతదేశంలో తిరిగినప్పుడు చేతిలో ఉన్నది చిన్న లైకా. ఆయన జీవితమంతా ఎక్కువగా వాడింది 50 మి.మీ. లెన్సు ఒక్కటే. పరికరం ఎంత తేలికైనా చోటు వెతుక్కునే పని కాళ్లదేనన్న సంగతి ఆయన విషయంలోనూ మారలేదు.

రామచంద్రపురం దూరాలకు మొదటి లెన్సు 35. పందిట్లో, అరుగు మీద, టీ దుకాణం ముందు, పంటు మీద జనం మధ్య నిలబడినప్పుడు ఇది చాలినంత వెడల్పు ఇస్తుంది, అంచుల్లో ఉన్నవాళ్ల ముఖాలను సాగదీయదు. ఇంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. 35తో మనిషి ముఖం ఫ్రేములో చెప్పుకోదగ్గంతగా కనబడాలంటే రెండు మీటర్ల లోపుకి వెళ్లాలి. అంత దగ్గరికి వచ్చినవాణ్ణి ఎదుటివాళ్లు పలకరిస్తారు, ఏ ఊరని అడుగుతారు, వద్దనుకుంటే వద్దంటారు. కొబ్బరి దింపు తీసి చెట్టు దిగిన కార్మికుడు చెమట తుడుచుకుంటూ ఒక చూపు చూస్తాడు. ఆ చూపులోనే తీయవచ్చో లేదో తెలిసిపోతుంది. 200 మి.మీ. లెన్సుకు ఆ అవసరం రాదు. గోదావరి రేవులో తండ్రికి పిండం పెడుతున్న మనిషి కన్నీళ్లను పాతిక మీటర్ల దూరం నుంచి అతనికి తెలియకుండా తెచ్చుకోవచ్చు. తెచ్చుకోగలిగినదల్లా తెచ్చుకోదగినది కాదు. లెన్సు ఎంపికను సాంకేతిక విషయంగా మాత్రమే చెప్పే పుస్తకాలు ఈ సంగతిని వదిలేస్తాయి. నిజానికి మనుషులను తీసేవాడు లెన్సు కొంటున్నప్పుడే, వాళ్లకు తాను ఎంత దూరంలో ఉండబోతున్నాడో కూడా తేల్చుకుంటున్నాడు.

రెండో లెన్సు 85. అర మీటరు దూరం నుంచి 35తో ముఖాన్ని తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. దగ్గరతనం వల్ల వచ్చే తేడా అది. రెండు మీటర్ల దూరం నుంచి 85తో తీస్తే ముఖం మాట్లాడుతున్నప్పుడు కనిపించే పొందికలోనే ఉంటుంది. వెనుక పందిరి బల్బులు, జనం మసకబారి పక్కకు తప్పుకుంటారు. ముఖాలు తీయడానికని విడిగా లెన్సు తయారు చేసుకోవడం పాత సంగతే. 1840లో జోసెఫ్ పెట్జ్‌వాల్ లెక్కలు కట్టి తయారు చేయించిన లెన్సు ముఖాల కోసమే, వెలుతురు ఎక్కువ రాబట్టడం కోసమే.

వెలుతురు విషయంలో ఇక్కడి పెళ్లిళ్లు గట్టి పరీక్ష పెడతాయి. ముహూర్తాలు చాలావరకు రాత్రివేళే. కెమెరాతో పాటు ఇచ్చే 18–55 జూమును బాగా ముందుకు జరిపితే అపర్చర్ ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ 1.8 లెన్సులోకి అంతకు దాదాపు 10 రెట్ల వెలుతురు వస్తుంది. ఎఫ్ 1.8లో సెకనులో 200వ వంతు సరిపోయిన చోట ఎఫ్ 5.6కు 20వ వంతు కావాలి. 200వ వంతులో తలంబ్రాల బియ్యపు గింజలు విడివిడిగా గాలిలో నిలుస్తాయి, 20వ వంతులో తెల్లటి చారలవుతాయి, వధువు నవ్వు కూడా అలికినట్టవుతుంది. ఫ్లాష్ వేస్తే గింజలు నిలుస్తాయి కానీ పందిరి వెలుగు మొత్తం చచ్చిపోతుంది.

జూముల మీద అయిష్టం పెంచుకోవడం మాత్రం తగదు. 1959లో వోక్ట్‌లాండర్ అమ్మకానికి తెచ్చిన 36–82 జూమర్‌తో స్టిల్ కెమెరాలకు జూము వచ్చింది. అప్పటి నుంచి నాణ్యత ఎంతో పెరిగింది. నూర్పిళ్ల వేళ కళ్లంలో పొట్టు ఎగురుతుంటే, నాట్ల కాలంలో జల్లు పడుతుంటే, బురదచేతులతో లెన్సు విప్పడం సెన్సర్ మీదికి దుమ్మునూ తేమనూ పిలవడమే. అలాంటి రోజుల్లో 24–105 వంటి ఒక్క జూము, ఎఫ్ 4 అయినా, రెండు ప్రైముల (జూము కాని లెన్సుల) కన్నా మేలు. పొలాలనే ఎక్కువగా తీసేవాడు దీనితో మొదలుపెట్టి పక్కన ఒక 35ను ఉంచుకోవచ్చు. పెళ్లిళ్లు, మనుషులు ప్రధానమైనవాడికి 35, 85 జంట చాలు.

ద్రాక్షారామం ఈ లెక్కను కాస్త కదిలిస్తుంది. భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తున ఉంటుంది, పూజలకు మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్లాలి. గర్భాలయంలో ఫొటోల ప్రసక్తి లేదు, ఉండకూడదు కూడా. బయట ప్రాకారంలో గోపురాన్ని నిటారుగా తీయాలంటే కెమెరాను పైకి ఎత్తకూడదు. ఎత్తితే కట్టడం వెనక్కి వాలినట్టు వస్తుంది. కెమెరా సమతలంగా ఉన్నప్పుడు ఫ్రేములో కింది సగమంతా నేలకే పోతుంది కాబట్టి, 20 మీటర్ల కట్టడానికి 24 మి.మీ. లెన్సు పెట్టి నిలువుగా తీసినా పాతిక మీటర్లు వెనక్కి జరగాలి. 35తో అయితే 36 మీటర్లు. అంత చోటు లేనప్పుడు 24 కావాలి. అయినా దానిని మొదటే కొననక్కరలేదు. గుడి పగటి వెలుతురులో కదలకుండా నిలబడే ఉంటుంది, కిట్ జూములోని 18 మి.మీ. కొస (చిన్నదైన క్రాప్ సెన్సర్ మీద ఇది 27 లేదా 29తో సమానం) ఆ పనిని చాలావరకు చేసిపెడుతుంది.

ఆ గుడిలోనే మరో పని ఉంది. అక్కడి స్తంభాల మీదా గోడల మీదా వందలాది శాసనాలున్నాయి. రాతిలో లోతు తగ్గిపోయిన అక్షరాలు ఎదురు వెలుతురులో కనబడవు. పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు పడితే ప్రతి గీతకూ ఒక అంచున నీడ చేరి అక్షరం లేచి నిలుస్తుంది. పొద్దుటి ఎండ స్తంభం పక్కగా జారే ఆ కొద్దిసేపే వాటిని తీయాలి, కెమెరాను రాతికి సమాంతరంగా పట్టుకోవాలి. అక్షరాల వరకే అయితే ప్రత్యేకంగా మాక్రో లెన్సు అవసరం పడదు. మరీ దగ్గరికి వెళ్లాలంటే 85 వెనుక అద్దాలు లేని ఎక్స్‌టెన్షన్ ట్యూబు బిగిస్తే సరిపోతుంది.

పొడవాటి లెన్సు ఏడాదిలో కొద్ది రోజులకే కావాలి. కనుమనాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు పదకొండు గ్రామాల ప్రభలు తరలివస్తాయి. భుజాల మీద ప్రభను మోస్తూ పచ్చటి చేలలోంచి, కౌశిక నదిలో నీళ్లకు అడ్డం పడి దాటిస్తున్న జనాన్ని అవతలి గట్టు నుంచి తీయాలంటే 70–200 ఉండాలి. దాళ్వా చేలల్లో కొంగల కోసం 400 దాకా కావాలి. వీటిని అద్దెకు తెచ్చుకోవడమే సరైన పద్ధతి. పక్షులనే తీయదలచినవాడి దారి వేరు.

అద్దె సలహాకు డబ్బు ఒక్కటే కారణం కాదు. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. వాడకుండా సంచిలో, చీకట్లో ఉంచిన లెన్సుకు తేమ 60 శాతం దాటితే ఫంగస్ పట్టే అవకాశం పెరుగుతుంది, ఇక్కడ ఏడాదిలో చాలా రోజులు అంతకు పైనే ఉంటుంది. సాలెగూడు పోగుల్లాంటి సన్నని తీగలు అద్దం లోపల పాకి, చివరకు పూతను తినేస్తాయి. తోలు సంచి దానికి ఇంకా ఇష్టం. ఎయిర్ కండిషన్ గదిలోంచి నేరుగా బయటికి తెచ్చిన లెన్సు మీద చెమ్మ పట్టడం అందరూ చూసేదే. దాన్ని సంచిలోనే కాసేపు ఉంచి, బయటి వేడికి అలవాటయ్యాక తీయాలి. మిగతా సమయంలో మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ వేసి, పక్కన తేమ చూపించే చిన్న మీటరు పెట్టి, 40–50 శాతం మధ్య ఉంచాలి. రోజూ వెలుతురులోకి వచ్చే రెండు లెన్సులు ఈ ఊళ్లో పదికాలాలు నిలుస్తాయి. బీరువాలో దాచిన ఎనిమిదింటికి ఆ నమ్మకం లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనుక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి లోపల పోగులున్నాయేమో చూడడం ఇక్కడ తప్పనిసరి.

చిన్న సెన్సర్ ఉన్న కెమెరాలకు ఈ అంకెలను 1.5తో, క్యానన్ అయితే 1.6తో భాగించాలి. 35 స్థానంలో 23 లేదా 24, 85 స్థానంలో 56 వస్తాయి. ఆ 56 బదులు అందుబాటు ధరలో దొరికే 50, ఎఫ్ 1.8 బాగానే సరిపోతుంది. రెండింటిలో ఏది ముందు కొనాలన్నది అప్పటికే తీసిన ఫొటోలు చెబుతాయి. ప్రతి డిజిటల్ ఫొటోలోనూ ఏ మిల్లీమీటర్ల దగ్గర తీశారో నమోదై ఉంటుంది. కిట్ జూముతో ఒక దాళ్వా కాలమంతా తీసి, అందులో ఇష్టపడి దాచుకున్నవాటిని మాత్రమే కంప్యూటర్‌లో వరస పెట్టి చూడాలి. అవి 24 చుట్టూ పోగుపడితే మొదట వెడల్పుది, 55 కొసన పోగుపడితే మొదట పొడవుది కొనాలి.