ఓర్పు ఖాతాలో బాకీ

విపత్తుల గురించి మాట్లాడే ప్రతి చోటా ఒక మెచ్చుకోలు తప్పకుండా వినిపిస్తుంది: "ఎంత కష్టమొచ్చినా తట్టుకుని నిలబడ్డారు." కరువు సీమ ఆడవాళ్ళ గురించయితే ఈ మెచ్చుకోలు మరీ ఎక్కువ. కథల్లో, కవిత్వంలో, ప్రభుత్వ నివేదికల్లో కూడా ఆమె ఓర్పు ఒక అలంకారమైపోయింది. సాహిత్య విద్యార్థిగా ఈ అలంకారాన్ని చాలాసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఒక మనిషి ఎంత ఓర్చుకోగలదో తెలిశాక, ఆ ఎరుకతో సమాజం ఏం చేస్తుంది? ఆమె బరువు తగ్గిస్తుందా, ఇంకొంచెం మోయగలదులే అని ధైర్యం తెచ్చుకుంటుందా?

నేనుండేది మదనపల్లె పక్కన అంగళ్లులో. ఇక్కణ్ణుంచి పుంగనూరు, కుప్పం దాకా వాన ఎప్పుడూ అనుమానమే. ఈ ప్రశ్న ఈ నేలకి కొత్త కాదు. 1876-78 నాటి మహా కరువులో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. ఆ కరువులో మద్రాసు రాజధానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, 1877లో సహాయ పనుల కూలిని మగవాడికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణాకి కుదించాడు. ఆడవాళ్ళకీ పనిచేసే పిల్లలకీ అంతకన్నా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. రోజంతా ఎండలో రాళ్ళు మోసే శరీరానికి ఆ తిండి చాలదన్నాడు. ఆ ఏడాదే కూలి కొంత పెంచక తప్పలేదు. ఈ లోపల పోవలసిన ప్రాణాలు పోనే పోయాయి.

టెంపుల్‌ని క్రూరుడని తేల్చేసి పక్కన పెట్టడం తేలిక. కానీ అతను వేసిన ప్రశ్న ఏమిటో చూడండి: "మనిషి చావకుండా పని చెయ్యడానికి ఎంత తక్కువ చాలు?" కార్నిష్ వేసిన ప్రశ్న వేరు: "ఈ మనిషికి మనం ఎంత ఇవ్వవలసి ఉంది?" మొదటిది ఓర్పుని కొలుస్తుంది. రెండోది బాకీని కొలుస్తుంది. ఆడ శరీరానికి కొంచెం తక్కువైనా సరిపోతుందన్న లెక్క ఏ దొరా ఓడలో తెచ్చింది కాదు. అందరూ తిన్నాక సంగటి కుండలో అడుగూ బొడుగూ మిగిలితే తినే అమ్మ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ లెక్క అప్పటికే అమల్లో ఉంది.

ఇప్పుడు టెంపుల్ లేడు. ఆ ప్రశ్న మాత్రం మెచ్చుకోలు రూపంలో మన మధ్యే తిరుగుతోంది. ఒక చిన్న ఉదాహరణ చెప్తాను. మా వైపు చాలా ఇళ్ళ ముందు నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు ఉంటాయి. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియదు కనక వచ్చినప్పుడు పట్టి పెట్టుకుంటారు. విపత్తు సంసిద్ధత అంటే ఏమిటని నన్నడిగితే ఆ డ్రమ్ములనే చూపిస్తాను. ఎవరూ శిక్షణ ఇవ్వకుండా, ఏ పథకంలోనూ లేకుండా ఆడవాళ్ళు చేసుకున్న ఏర్పాటది. కానీ డెంగీని మోసే ఏడిస్ దోమకి కావలసింది కూడా సరిగ్గా అదే: ఇంటి దగ్గర కదలకుండా నిలవున్న మంచినీళ్ళు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే ప్రజారోగ్య శాఖ శుక్రవారం 'డ్రై డే' పాటించమంటుంది. వారానికోసారి నీళ్ళు ఒంపేసి, కడిగి ఆరబెట్టమంటుంది.

ఒకసారి ఆశా కార్యకర్త మా వీధిలో ఈ మాట చెప్తోంది. "పెద్దమ్మా, వారానికొక తూరి డ్రమ్ము ఒంపేసి కడగల్ల." పెద్దమ్మ వాదన పెట్టుకోలేదు. "నీళ్ళు మళ్ళా ఎన్నాళ్ళకొస్తాయో చెప్పు పాపా, ఒంపేస్తా" అంది. ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఉండే వీలూ లేదు. కొళాయి ఆమె చేతిలో లేదు.

వైద్యం ప్రకారం ఆ సలహా నూటికి నూరుపాళ్ళూ సరైనదే. మూత, గుడ్డ కట్టడం లాంటి ఉపాయాలు కూడా ఉన్నాయి. వాటినీ ఆడవాళ్ళే చెయ్యాలి. నైతికమైన చిక్కు సలహాలో లేదు. కరువుని తట్టుకోమన్నప్పుడు నీళ్ళు దాచుకోవడం ఆమె తెలివి, జ్వరాలు వచ్చినప్పుడు అదే డ్రమ్ము ఆమె నిర్లక్ష్యం. రెండు విపత్తుల మధ్యా ఆమెను నిలబెట్టిన వాళ్ళు మాత్రం ఆ వీధిలో కనిపించరు. డ్రమ్ముకి అటు ఒక స్త్రీ, ఇటు ఒక స్త్రీ. ఇటువైపున్న అమ్మాయికి ఇచ్చేది కూడా జీతం కాదు, 'గౌరవ వేతనం'. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఇంటింటికీ తిరిగి జ్వరాల లెక్క రాసింది ఈ ఆశాలే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళకి అంతర్జాతీయ పురస్కారం ఇచ్చింది. పురస్కారం వచ్చినా పేరు 'స్వచ్ఛంద' కార్యకర్తే. మెచ్చుకోలు చెల్లింపుకి బదులుగా వాడే నాణెం కావడం అంటే ఇదే.

కరువు నేల కథ ఎప్పుడూ నీళ్ళ లేమి కథే కాదు. మదనపల్లె పక్కన నిమ్మనపల్లె మీదుగా పోయే బాహుద, పింఛా ఏటితో కలిసి చెయ్యేరవుతుంది. బాహుద అంటే చెయ్యి ఇచ్చేదని అర్థం. శిక్షగా చేతులు పోగొట్టుకున్న లిఖితుడికి బాహుదలో మునిగితే చేతులు తిరిగొచ్చాయని భారతంలో కథ. 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున, ఆ చెయ్యేటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట లాంటి ఊళ్ళ మీద నీళ్ళు పడ్డాయి. ముప్ఫై మందికి పైగా పోయారు. అంత పెద్ద వరదని ఎవరూ ఊహించలేదన్నారు. నిజమే కావచ్చు. కానీ అయిదు గేట్లలో ఒకటి పైకి లేవలేదన్న సంగతి తర్వాత పార్లమెంటు దాకా వెళ్ళింది. ఆ తెల్లవారి చెయ్యిచ్చింది ఏరు కాదు, గేటు.

గేటుకి గ్రీజు పెట్టడం, తుప్పు గీకడం, ఏటా ఎత్తి దించి చూడటం - ఇవి ఇంటిపని లాంటివి. చేస్తే ఎవరికీ కనిపించవు, చెయ్యకపోతేనే కనిపిస్తాయి. ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది, గ్రీజుకి ఉండదు. ఇంటిపనిని పని కాదనుకునే సమాజం గేటు సంరక్షణని కూడా పని అనుకోకపోవడంలో వింతేముంది? స్త్రీవాదం ఇంట్లో గుర్తించిన అదృశ్య శ్రమ ఆనకట్ట మీద కూడా ఉంది. దాన్ని చిన్నచూపు చూసిన ఫలితం అక్కడ శవాల లెక్కలో తేలింది.

మరి ఆడవాళ్ళ నేర్పుని పొగడకూడదా? బాధితులుగానే చూడాలా? ఈ అభ్యంతరం న్యాయమైనదే. ఆ డ్రమ్ము వెనక నిజమైన జ్ఞానం ఉంది, దాన్ని కాదంటే అది ఇంకో అవమానం. అయితే జ్ఞానాన్ని గౌరవించడమంటే దాన్ని నిర్ణయాల్లోకి పిలవడం. నీళ్ళు ఏ రోజు వదలాలో, ఏ కట్ట మీద ఎవరికి అనుమానం ఉందో వాళ్ళని అడగడం. పథకం విఫలమైనప్పుడు వాడుకునే నిలవ సరుకుగా ఆమె ఓర్పుని లెక్కలో వేసుకోవడం గౌరవం కాదు.

ఇంకోలా చెయ్యడం మనకి తెలియక కాదు. ఇదే మదనపల్లె పొడిగాలి మంచిదని ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం వెలిసింది. 1948లో దేశంలో బి.సి.జి. టీకాలు మొదలుపెట్టిన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. టీకాకి ఎన్ని పరిమితులున్నా, దాని వెనకున్న ఆలోచన చూడండి. రోగాన్ని ఎంత ఓర్చుకోగలవని బిడ్డని ఎవరూ అడగలేదు. రోగం రాకముందే ఆ బిడ్డకి ఇవ్వవలసిందేదో ఇవ్వబోయారు. సంసిద్ధత అంటే నాకర్థమైంది ఇంతే: బాకీని ముందే తీర్చడం.

హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్ళు 2025లో కుప్పం దాకా వచ్చాయి. కాలువ గట్టున పూలు చల్లారు, హారతులిచ్చారు. సంతోషమే. కాలువకి హారతి పట్టినంత తేలిక కాదు, ఫలానా రోజు ఫలానా గంటకి కొళాయి వస్తుందని ఒక ముసలావిడకి మాటిచ్చి నిలబెట్టుకోవడం. ఆ మాట నిలిచిన వీధిలో డ్రమ్ము ఒంపమని ఎవరూ బతిమాలనక్కర్లేదు. అప్పటిదాకా ఆమె ఓర్పుని పొగిడే హక్కు మనలో ఎవరికీ లేదు.