రిటర్న్ ఎప్పుడు?



ఇంగ్లీషు చదువుకోని వారికి కూడా బాగా తెలిసిన ఇంగ్లీషు మాట ఒకటి ఉన్నది. అది 'రిటర్న్'. ప్రయాణమైతే రిటర్న్ టిక్కెట్టు అంటాము. కొన్న చీర నచ్చకపోతే కొట్టువానికి రిటర్న్ చేస్తాము. పిల్లల పుట్టినరోజుకు వచ్చినవారికి రిటర్న్ గిఫ్టు ఇస్తాము. ఉద్యోగస్థులు ఏటేటా ఆదాయపు పన్ను రిటర్న్ దాఖలు చేస్తారు. చిన్నప్పుడు మేము 'రిటర్న్ బ్యాక్' అని వ్రాస్తే, వెనక్కి అనే అర్థము ఆ మాటలోనే ఉన్నదిరా అని మాస్టారు ఎర్రసిరాతో కొట్టివేసేవారు.

అందరికీ తెలిసిన ఈ మాటతోనే నేనొక మనిషిని నొప్పించాను. ఆ సంగతి మీతో చెప్పుకోవాలి.

కొన్నేళ్ల క్రితము, నేను అప్పుడు ఉన్న విచారణలో, ఆదివారపు పూజ ముగిసిన తరువాత గుడి వాకిట నిలబడి అందరినీ పలకరిస్తున్నాను. కువైట్‌లో డ్రైవరుగా పని చేసే ఒకతను చాలా కాలానికి కనిపించాడు. సంతోషముతో భుజము తట్టి, "ఎప్పుడొచ్చావయ్యా? మళ్లీ రిటర్న్ ఎప్పుడు?" అన్నాను. "చూడాలి ఫాదర్" అని తల వంచుకొని వెళ్లిపోయాడు. తరువాత మూడు ఆదివారములు గుడికి రాలేదు. పని పోయి, అప్పుతో, వట్టిచేతులతో వచ్చాడని ఉపదేశిగారు చెప్పినప్పుడు గాని నాకు తెలియలేదు. ఊరిలో ఎదురైన ప్రతివారూ అతనిని అదే ప్రశ్న అడుగుతున్నారట.

ఇంటికి వచ్చినవానిని రిటర్న్ ఎప్పుడని అడిగితే అర్థమేమిటి? నీ చోటు అక్కడే గాని ఇక్కడ కాదని. నేను ప్రేమతోనే అడిగాను. కాని ఆ ప్రశ్న అతని ముఖము మీద తలుపు మూసినట్లయినది.

పాత నిబంధనలోని రూతు గ్రంథము మొదటి అధ్యాయము ఒకసారి తీసి చదవండి. నవోమి కరవు వలన భర్తతోను ఇద్దరు కొడుకులతోను బేత్లెహేము విడిచి మోవాబు దేశానికి వలస పోయినది. అక్కడ భర్త పోయాడు, ఇద్దరు కొడుకులూ పోయారు. చివరకు విధవరాలైన కోడలు రూతుతో స్వగ్రామానికి వచ్చినది. హీబ్రూ భాషలో తిరిగి వచ్చుటకు 'షూబ్' అంటారు. ఆ ఒక్క అధ్యాయములోనే ఈ మాట పన్నెండుసార్లు వస్తుంది. ప్రవక్తలు పాపము విడిచి దేవుని వైపు మరలమని పిలిచినప్పుడు వాడిన మాట కూడా ఇదే. అంటే, బైబులులో ఇల్లు చేరుకొనే దారికీ హృదయపరివర్తనకూ ఒకటే పేరు.

నవోమిని చూడగానే ఊరి ఆడవారు, ఈమె ఆ నవోమియేనా అని గుసగుసలాడారు. నవోమి అనగా సంతోషము కలది. ఆమె నొచ్చుకొని, నన్ను ఇక 'మారా' అనండి, అనగా చేదు అనండి అన్నది. నిండుగా వెళ్లినదానను వట్టిచేతులతో వచ్చానని వాపోయినది. మన కువైట్ సోదరుని బాధ కూడా ఇదే కదా!

ఆ అధ్యాయము చివర మరొక వింత కలదు. మోవాబు నుండి రూతు కూడా 'తిరిగి వచ్చినది' అని అక్కడ వ్రాయబడినది. రూతు మోవాబులో పుట్టిన పిల్ల. బేత్లెహేమును ఎన్నడూ చూడలేదు. చూడని ఊరికి తిరిగి రావడమేమిటి? సెమినరీలో తత్వశాస్త్రము చదివేటప్పుడు 13వ శతాబ్దపు పునీత తోమా అక్వీనాసువారి బోధలో దీనికి జవాబు దొరికినది. సకల సృష్టి దేవుని నుండి బయలుదేరి దేవునికే తిరిగి చేరుతుందని ఆయన బోధ. దేవుడే మన మొదటి ఇల్లు గనుక, ఆయనను మొదటిసారి తెలుసుకొన్నవారు కూడా తిరిగి వచ్చినవారే.

మన తెలుగులో 'తిరుగు' అనే మాట ఇంకా లోతైనది. దారి తప్పి తిరుగుతాము. పెద్దలకు ఎదురు తిరుగుతాము. మళ్లీ ఇంటికి తిరిగి వస్తాము. తప్పిపోయిన కుమారుడు ఈ మూడూ చేశాడు. అతను దూరముగా ఉండగానే తండ్రి పరుగెత్తి వెళ్లి కౌగిలించుకొన్నాడు. డబ్బేమయినదని గాని, మళ్లీ ఎప్పుడు పోతావని గాని అడగలేదు. అన్నము సిద్ధము చేయించాడు. లెక్క అడిగినవాడు అన్న.

మన ఇండ్లలో ఎవరి ప్రశ్న వినిపిస్తున్నది? అత్తింట కష్టము పడలేక పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను నాలుగో రోజుననే, "ఎప్పుడు వెళతావమ్మా?" అంటున్నాము. పరీక్ష తప్పి హాస్టలు నుండి వచ్చిన పిల్లవానితో ఖర్చు లెక్కలు చెబుతున్నాము. ఇరవై ఏండ్ల తరువాత పాపసంకీర్తనానికి వచ్చినవారిని, "ఇన్నాళ్లూ ఏమైపోయావు?" అని మేము గురువులము అన్న సందర్భములూ లేకపోలేదు. నచ్చని చీరను రిటర్న్ చేయవచ్చును. మనిషి సరుకు కాడు.

నాలుగో వారము నేను అతని ఇంటికి వెళ్లాను. "నేను అలా అడగకుండా ఉండవలసినది, నన్ను క్షమించు" అన్నాను. "మీ తప్పేమున్నది ఫాదర్, నా దగ్గరే జవాబు లేదు" అన్నాడు. వాళ్లమ్మ ఇద్దరికీ అన్నము పెట్టినది. తిన్నంతసేపూ కువైట్ మాట ఎత్తలేదు. ఆ ఆదివారము అతను పూజకు వచ్చి, చివరి వరుసలో తలుపు దగ్గర నిలబడ్డాడు.

నవోమిని చూసి గుసగుసలాడిన ఆ ఊరి ఆడవారే, రూతుకు బిడ్డ పుట్టినప్పుడు నవోమి కొరకు దేవుని స్తుతించారు. ఇరుగుపొరుగు స్త్రీలే ఆ బిడ్డకు ఓబేదు అని పేరు పెట్టారు. ఆ ఓబేదు దావీదు రాజుకు తాత. మన నోళ్లు కూడా అలా మారగలవు.

ఈ వారము మీ వీధికి ఎవరైనా తిరిగి వచ్చి ఉంటే, వెళ్లి పలకరించండి. రిటర్న్ ఎప్పుడని అడగకండి. అన్నము తిన్నావా అని అడగండి. మన రాక కొరకు ఎదురుచూచే తండ్రియైన దేవుడు మిమ్మును, మీ కుటుంబములను దీవించునుగాక. ఆమెన్.